మెర్జ్ అయ్యాక మూడు ప్రశ్నలు

1. చిట్రాళ్ళ మజిలీ, దిగిన రోజు

మా అన్నకీ వదినకీ మేం ఉండే బండిలో తూర్పు కిటికీ పక్క చోటు దక్కిందని నాకు అసూయ అట. మా అమ్మ తేల్చేసింది. తేల్చి ఊరుకుంటే బాగుండేది. పక్క బండి వాళ్ళకి చెప్పింది, వాళ్ళు వెనక బండి వాళ్ళకి చెప్పారు. ఈరోజు బోరు దగ్గర నీళ్ళ వరసలో నిలబడితే, నాకు పేరు కూడా తెలియని ఒకావిడ నా భుజం తట్టి, పెళ్ళయితే అన్నీ సర్దుకుంటాయిలే అని ధైర్యం చెప్పి వెళ్ళింది. మధ్యాహ్నం మా అన్న ఓబులేసు వచ్చి, కావాలంటే చోటు మార్చుకుందాం అన్నాడు. ఆస్తి మొత్తం రాసిచ్చేవాడి మొహం పెట్టాడు.

"కిటికీలో ఏముంది మే, గాలే కదా," అంది అమ్మ, సంగటి ముద్ద నా పళ్ళెంలో వేస్తూ. "రేపు నీకూ ఒక బండి వస్తాది. నీ కిటికీ నీకుంటాది."

అసూయ ఉంది. కాదనను. జబ్బు ఉందని మా వాళ్ళు సరిగ్గానే కనిపెట్టారు, కట్టు మాత్రం వేరే చోట కడుతున్నారు. నాకు వదిన కిటికీ వద్దు. మూలబండిలో వదిన స్టూలు ముందు నిలబడే మనుషులు కావాలి.

వదిన పేరు నాగవేణి. పడమటి ఊరి నుంచి మా అన్నని చేసుకుని వచ్చి మూడు వానలయింది. ఆ ఊరూ మాలాగే నడిచేదే, కాకపోతే వాళ్ళ బండ్లు నాలుగు కాళ్ళవి, మావి ఆరు. ఆమే నేనూ చదివింది ఒకటే కాలేజీలో, కదలకుండా నిలిచి ఉన్న పట్నంలో, మెట్లు రోజూ ఒకే చోట ఉండే భవనంలో. ఆమె నాకన్నా రెండేళ్ళు ముందు. ఆమె ర్యాంకు ఎంతో నాకు తెలుసు. నాది మొదటిది. ఈ మాట నన్నెవరూ అడగరు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

బండ్ల కాళ్ళ నుంచి దీపాల దాకా అన్నిటినీ నడిపించే ఊరి కోడ్ ఉండేది మూలబండిలో. ఎవరు ఏ మార్పు రాసినా అక్కడికి తెచ్చి, తాళం ఉన్న ఐదుగురిలో తమకి నచ్చిన ఒకరికి చూపించాలి. వాళ్ళు చదివి సరేనంటేనే అది ఉమ్మడి కోడ్‌లో కలుస్తుంది, అంటే మెర్జ్ అవుతుంది. ఆ ఐదుగురిలో వదినా ఉంది, నేనూ ఉన్నాను. నా స్టూలు వాకిలి పక్కనే, రాగానే కనిపించేది. జనం నన్ను పలకరించి, నన్ను దాటుకుని, లోపలికి పోయి ఆమె ముందు నిలబడతారు. నిలబడి ఒక కాలితో ఇంకో కాలు గోక్కుంటారు. ఆమె చదువుతూ ఉంటుంది. ఒక్క కనుబొమ పైకి లేస్తుంది. మేకల మందని ఒకే కేకతో వెనక్కి తిప్పే లింగమయ్య కూడా ఆ కనుబొమ లేస్తే గొంతు తగ్గిస్తాడు. నా ముందు ఎవరూ గొంతు తగ్గించరు. జోకులు వేస్తారు.

ఇక పని సంగతి. మూలబండి పెద్ద వన్నూరప్ప ఈ ఉదయం నన్ను పిలిచాడు. కోడ్ రాసేవాళ్ళు గొణుగుతున్నారట, రివ్యూలో పడితే బయటికి రావడం లేదని. రెండు కుటుంబాలు వేరే ఊరికి మారిపోతామని పంచాయతీకి చెప్పాయట. అసలు ఎక్కడ నొప్పి ఉందో తెలుసుకోమని పంచాయతీ ఈయన్ని అడిగింది, ఈయన నన్ను అడిగాడు.

"మనిషి అడిగితే మొగమాటం పాపా. మిషను అడిగితే చెప్తారు. మెర్జ్ అయితానే దానంతటది అడిగేటట్టు పెట్టు," అన్నాడు. ఏం చేశానో రోజూ ఒక లాగ్ రాసి ఉంచమని కూడా అన్నాడు. అదే ఇది. ఆయన చదవడు. చదివినా సర్వే అన్న మాట కనిపించిన చోటికి దూకుతాడు. అందుకే ఇంటి గొడవ ముందే రాసేశాను.

సర్వే: మూడు ప్రశ్నలు. రివ్యూ ఎలా జరిగింది, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయండి. ఎక్కడ ఆగింది. ఇంకేమైనా చెప్పాలా. మెర్జ్ అయిన వెంటనే రాసినవాళ్ళ చేతిపలక మీద ప్రశ్నలు వెలుగుతాయి. జవాబిచ్చినవాళ్ళ పేరు ఎవరికీ కనిపించదు. రివ్యూ చేసినవాళ్ళ పేరు కనిపిస్తుంది.

ఆ చివరి వాక్యం రాస్తున్నప్పుడు నా వేళ్ళు చాలా చురుగ్గా కదిలాయి.

2. చిట్రాళ్ళ మజిలీ, మూటలు కట్టే రోజు

ఘోరం. బండి కాలు నేల మీద కదలకుండా ఉన్నప్పుడే దాని కోడ్ మార్చాలి కాబట్టి, మా ఊళ్ళో మెర్జ్‌లు దాదాపు అన్నీ నడకకి ముందు రోజే జరుగుతాయి. ఇది నాకు తెలుసు. పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా "వెంటనే" అని పెట్టాను. వంట చట్లు గోడకి కట్టుకుంటూ, కోళ్ళని గంపల కింద మూస్తూ, మంచం మీద ముసలివాళ్ళని పట్టీలతో బిగిస్తూ ఉన్న జనం చేతులకి ఒకేసారి ప్రశ్నలు వెలిగాయి. అందరూ ఐదు వేసి వదిలించుకున్నారు. ఒకాయన గడ్డంతో నొక్కాడని విన్నాను.

లింగమయ్య సంగతి ఇంకా అన్యాయం. ఊరి గడియారం కోడ్ ఎప్పటి నుంచో ఆయన పేరు మీద ఉంది. అది తనంతట తాను సరిచేసుకున్న ప్రతిసారీ ఒక మెర్జ్ లెక్కే, ప్రతిసారీ ఆయనకి మూడు ప్రశ్నలు. చంకలో మేకపిల్లతో మూలబండికి వచ్చాడు. "గడియారం బాగా చేసింది తల్లీ, దానికి ఐదేసినా. ఇంక నన్ను ఇడిసిపెట్టమను," అన్నాడు. లోపల ఉన్నవాళ్ళంతా నవ్వారు. వదిన నవ్వలేదు. తల ఎత్తకుండానే, మిషను చేసిన మెర్జ్‌లని వేరు చేయలేదా అని అడిగింది. లింగమయ్య నవ్వి వెళ్ళిపోయాడు, ఆ ప్రశ్న మాత్రం నా నెత్తిన కూర్చుంది.

వేరు చేశాను. ప్రశ్నలు వెలిగే వేళ కూడా మార్చాను. మా ఊళ్ళో మూటలన్నీ కట్టాక ప్రతి ఇంటివాళ్ళూ గడప లోపలి గూట్లో ఒక చెంబు నిండా నీళ్ళు పోసి పెడతారు. ఊరు నడిచి కొత్త మజిలీలో ఆగాక ముందు ఆ చెంబు చూస్తారు. నీళ్ళు నిండుగా ఉంటే కాళ్ళ కోడ్ బాగున్నట్టు. ఒలికిపోతే ఎవరూ ఎవరినీ తిట్టరు. ఖాళీ చెంబు తీసుకుపోయి, ఆ కోడ్ రాసినవాళ్ళ వాకిట్లో బోర్లించి వస్తారు. అంతకన్నా తిట్టేముంది. కాబట్టి చెంబు చూశాకే సర్వే వెళ్ళేలా పెట్టాను. అప్పుడు మనసులో మాట ఉంటుంది, చేతిలో తీరికా ఉంటుంది.

3. రాళ్ళకుంట మజిలీ, దిగిన మర్నాడు

వచ్చాయి. నిజమైన జవాబులు.

నాగవేణికి రెండుకు కాస్త పైన. నాకు ఐదుకు కాస్త కింద. ఐదుగురిలో నేనే పైన, ఆమే అడుగున.

ఇది మళ్ళీ చదవాలనిపించి మళ్ళీ రాస్తున్నాను. ఐదుగురిలో నేనే పైన, ఆమే అడుగున.

ఆమె గురించి రాసినవి: "ఒకటి అడుగుతుంది. జవాబు చెప్తే ఆ జవాబు మీద ఇంకోటి అడుగుతుంది." "నా కోడ్ ఆమె దగ్గర రెండు మజిలీలు ఉండి ముసలిదైపోయింది." "సరే అనడానికి ఆమెకి నోరు రాదు." "కొత్త కోడలు అత్త ముందర నిలబడినట్టుంటాది." ఈ ఆఖరిది హుసేనమ్మ రాసిందని పేరు లేకపోయినా చెప్పగలను. పంపుల కోడ్ రాసే హుసేనమ్మ వాళ్ళ అత్తతో పడిన పాట్లు ఊరందరికీ నోటికొచ్చు.

నా గురించి రాసినవి: "తొందరగా అయింది." "నవ్వుతూ ఇచ్చింది." "మంచి పిల్ల."

వదినకి పడిన ఒకట్లలో ఒకటి నాదే. నేనూ కోడ్ రాసేదాన్నే, నాకూ హక్కుంది. మా బండి వెనక కాలుకి నేను రాసిన మార్పుని ఆమె మూడుసార్లు తిప్పి పంపింది. ఇంట్లో పక్కన కూర్చుని సంగటి తింటూ కూడా దాని గురించే అడిగింది. ఒకటి వేశాను. సున్నా వేసే వీలుంటే సున్నా వేసేదాన్ని. ప్రశ్నలు తయారుచేసింది నేనే, సున్నా పెట్టుకోవలసింది.

జనం ఆమె ముందు బారులు తీరేది ఎందుకో ఇప్పుడు తెలిసింది. ఆలస్యం చేస్తుంది కాబట్టి బారు పొడుగవుతుంది. అంతే. ఇన్నాళ్ళూ దాన్ని గొప్పతనం అనుకుని కుమిలిపోయాను.

తినేటప్పుడు వదినవైపే చూస్తూ కూర్చున్నాను. ఊరిబిండి పచ్చడి నంజుకుని, ఉల్లిపాయ కొరికి, తాపీగా నమిలి, నా గురించి ఏమన్నా రాసినారా అని అడిగింది. చెప్పకూడదు అన్నాను.

"మంచిగా రాసింటే నీ మొగం అట్ల ఎలగదులే," అంది.

అన్న నవ్వాడు. అమ్మ నావైపు జాలిగా చూసి కిటికీ వైపు చూసింది.

4. రాళ్ళకుంట మజిలీ

పంచాయతీకి మార్కులు అందాయి. అంకెలు చూస్తే పంచాయతీకి ఆకలి పుడుతుంది. ఒక నియమం చేశారు: వచ్చే మజిలీలో మూటలు కట్టే రోజు పొద్దున లెక్క తీస్తారు. అప్పటికి ఎవరి మార్కులు మూడుకి తక్కువ ఉంటే వాళ్ళ తాళం తీసేస్తారు. వాళ్ళ దగ్గర ఆగి ఉన్న పనులన్నీ ఎక్కువ మార్కులు ఉన్నవాళ్ళకి పోతాయి. మనుషుల మొహాలు చూసి తీయడం కష్టం కాబట్టి ఇది కూడా కోడ్‌లోనే రాసేయమన్నారు.

వన్నూరప్ప ఈ సంగతి చెప్పేటప్పుడు నా కళ్ళలోకి చూడలేదు. ఆయన వదినని మూలబండికి స్వయంగా పిలిచి తెచ్చినవాడు. "మీ ఇంటి మనిషే. వేరేవాళ్ళ చేత రాయించమంటావా పాపా," అని అడిగాడు. అక్కర్లేదన్నాను.

పొద్దు వాలకముందే రాసేశాను. హుసేనమ్మకీ ఒక తాళం ఉంది, ఆమెకే రివ్యూకి ఇచ్చాను. చీర చెంగుతో చేతులు తుడుచుకుని, పైనుంచి కిందికి ఒక చూపు చూసి, సరే అనేసింది. సర్వే వెలిగినప్పుడు ఆమెకి ఐదే వేస్తాను. చిన్న మార్పే, బండ్ల కాళ్ళకి సంబంధం లేనిది, కాబట్టి ముందు రోజు దాకా ఆగే పని లేదు. అప్పుడే మెర్జ్ అయింది.

వదిన తాళం పోతే నేను ఆమె స్టూలు మీద కూర్చోవాలా, నా స్టూలే లోపలికి జరుపుకోవాలా అని ఆలోచించుకుంటూ ఇంటికి నడిచాను. జరుపుకోవడమే బాగుంటుంది. ఆమెది కాస్త ఊగుతుంది.

5. నడక రోజు, దారిలో రాస్తున్నది

నడిచేటప్పుడు ఎవరి పట్టు వాళ్ళకి ఉంటుంది. అమ్మది దేవుడి గూడు. అన్నది బయట, ముందు కాలు పక్కన. నాదీ వదినదీ నీళ్ళ కాగు, చెరో వైపు. అంటే ఊరు నడిచినంత సేపూ మేం మొహాలు చూసుకుని కూర్చోవాలి.

నియమం సంగతి ఆమెకి తెలుసు. ఊరందరికీ తెలుసు. ఆమె అడగకపోవడం నాకు నచ్చలేదు. అందుకని నేనే అడిగాను, కోడ్‌ని తొందరగా వదిలేస్తే నీకేం పోతుంది వదినా అని.

కాగు మూత సర్దింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. చదివినప్పుడు అర్థం కానిది ఒక్కటి ఉన్నా తనకి చేయి రాదట. అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడదట, అందుకని అడుగుతుందట. అడిగితే ఎదుటివాళ్ళ మొహం ముడుచుకుంటుందట. అది తనకీ కనిపిస్తుందట. ఇదంతా ఆమె మామూలుగానే చెప్పింది. తర్వాత చెప్పింది మాత్రం నేను ఊహించనిది.

"నీ స్టూలు కాడ నవ్వులు ఇనపడతాంటే నాకు కడుపు మండుతాది భాషిణీ. నా ముందర ఎవురన్నా నవ్వినారా? మీ అన్న ఒక్కడే, ఆయప్పకి కోడ్ తెలీదు కాబట్టి."

నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. కాగు వదిలేద్దునేమో. ఆమెకి నా మీద అసూయ. ఆమెకి, నా మీద. మా అమ్మ ఊరంతా చాటవలసింది ఇది కదా.

ఆ సంతోషం మజిలీ దాకా కూడా ఆగలేదు. వంక దిగుతున్నప్పుడు బండి ఒరిగి నీళ్ళు కదిలాయి, ఒలకలేదు. మా వెనక కాలు మెత్తగా దిగింది. ఆమె మూడుసార్లు తిప్పి పంపిన కాలు. ఆమె వినడానికే తల అటు తిప్పింది, సరిగ్గా దిగాక మళ్ళీ ఇటు తిప్పింది. నేను రాసిన కాలిని నాకన్నా శ్రద్ధగా వింటోంది. అది చూసి మళ్ళీ మొదలైంది నా మంట. ఆమెకి కావలసింది నాలుగు నవ్వులు. అవి ఇచ్చేసినా నా దగ్గర చాలా మిగులుతాయి. నాకు కావలసింది ఆమె దగ్గర ఒకటే ఉంది, దాన్ని పంచలేరు.

6. ఇసుకవంక మజిలీ

హుసేనమ్మ బండి ముందు కాలు దిగేటప్పుడు విరిగింది. కమ్మరులు కొత్త కాలు బిగించారు. పాత కాలి కోడ్ కొత్తదానికి పనికిరాదు కాబట్టి తీసేశారు. కొత్తది ఆమే రాసుకుంది. ఇక్కడి నుంచి బయటపడే దారి మెత్తటి ఇసుకలో ఉంది. ఆమె తల్లి లేవలేని మనిషి, రోజంతా ఆ బండిలోనే పడుకుని ఉంటుంది.

ఈరోజు హుసేనమ్మ ఆ కోడ్ పట్టుకుని మూలబండికి వచ్చింది. నన్ను పలకరించింది. మా అమ్మ మోకాళ్ళ నొప్పి గురించి అడిగింది. లోపలికి పోయి వదిన ముందు బారులో నిలబడింది. అత్త ముందు కొత్త కోడలిలా ఉంటుందని రాసిన మనిషి. నాకు జాలేసింది. నిజంగానే జాలేసింది. లేచి దగ్గరికి వెళ్ళాను.

"ఇటివ్వు హుసేనక్కా. పొద్దు వాలేలోపల అయిపోతుంది."

"లేదులే భాషిణీ," అంది. "ఇది మా అమ్మ పండుకునే బండి."

ఎత్తిపొడుపు కాదు. నన్ను నొప్పించాలని కాదు. చలిగా ఉంది దుప్పటి తేవాలి అన్నట్టు అంది. అని బారులో ఒకడుగు ముందుకు జరిగింది.

వచ్చి నా స్టూలు మీద కూర్చుని సర్వే మొత్తం తిరగేశాను. మార్కులు చూడలేదు ఈసారి, ఎవరి దగ్గరికి ఏ పని పోయిందో చూశాను. నా దగ్గరికి వచ్చినవి: వంటింటి పొగగొట్టాలు, దీపాలు, గంట, కోళ్ళగూడు తలుపు. ఆమె దగ్గరికి పోయినవి: కాళ్ళు. అన్నీ కాళ్ళే. పేర్లు కనిపించకపోయినా తెలుస్తూనే ఉంది, ఆమెకి ఒకటి వేసినవాళ్ళు తర్వాతి కాలు మళ్ళీ ఆమె దగ్గరికే తీసుకుపోయారు, మళ్ళీ ఒకటి వేశారు. తిట్టుకుంటూ పోయి, నిలబడి, తిట్టుకుంటూ తిరిగొచ్చి, గడప దగ్గర నిండు చెంబు చూసుకుని మరీ తిట్టారు.

అందులో నేనూ ఉన్నాను. మా బండి వెనక కాలు కోడ్ నేను తక్కిన ముగ్గురిలో ఎవరికైనా ఇచ్చి ఉండొచ్చు. ఎవరూ వద్దనరు. ఇవ్వలేదు. ఆమెకే ఇచ్చాను.

నన్నెవరూ తిట్టలేదు. తిట్టేంత పని నాకెవరూ ఇవ్వలేదు.

ఇంతకుముందు నాకున్నది అసూయ అనుకున్నాను. అది దోమకాటు. ఇది వేరు. ఆమెకి పడిన ప్రతి ఒకటినీ నేను ఇప్పుడు ఆశగా చూస్తున్నాను. "కొత్త కోడలు అత్త ముందర నిలబడినట్టుంటాది." ఇలాంటి మాట నా గురించి ఎవరైనా రాస్తే, మంచి పిల్ల అన్నవన్నీ కలిపి ఇచ్చేస్తాను.

7. ఇసుకవంక మజిలీ, మూటలకి ముందు రోజు

నియమం తీసేసే మార్పు రాశాను. ఎవరూ చెప్పకుండా రాశాను. చిన్నదే, నాలుగు వరసలు. రివ్యూకి ఎవరికి ఇవ్వాలి? హుసేనమ్మకి ఇస్తే ఒక్క చూపులో అయిపోతుంది. తెలిసి తెలిసీ వదిన దగ్గరికే తీసుకుపోయాను, బారు చివర నిలబడ్డాను. నాకు తెలియకుండానే ఒక కాలితో ఇంకో కాలు గోక్కున్నాను. నా వంతు వచ్చింది. కనుబొమ లేచింది.

ఇది తన తాళం సంగతి కాబట్టి తాను చూడకూడదంది. వన్నూరప్పకో ఇంకొకరికో ఇమ్మంది. ఇచ్చే ముందు పైన కారణం రాయమంది, ఆ వరస ఖాళీగా ఉందని వేలు పెట్టి చూపించింది. ఏ మార్పు మెర్జ్ కావాలన్నా పైన ఒక వాక్యం కారణం ఉండాలి, ఊరంతా చదువుకునేలా. అది పాత పద్ధతి.

"ఎందుకు తీసేస్తాండావు?" అని అడిగింది. నిజంగానే తెలియక అడిగింది. ఆమెకి తెలియనిది ఇదొక్కటే.

కారణం నాకు తెలుసు. వాక్యం కూడా తెలుసు. తక్కువ మార్కులు వేసినవాళ్ళే తమ ఇంటి కాళ్ళు నాగవేణి దగ్గరికి తీసుకుపోతున్నారు. నా పేరుతో, ఉమ్మడి కోడ్‌లో, ఊరు ఉన్నన్నాళ్ళూ ఉండేలా రాయాలి. నా స్టూలుకి తిరిగొచ్చి రాశాను. చెరిపాను. "తప్పుల సవరణ" అని రాశాను. అది అబద్ధం, వదిన అయితే తిప్పి పంపేది. చెరిపాను. మళ్ళీ మొదటిది రాశాను. నాగవేణి అన్న మాట దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోయింది.

అమ్మ వచ్చి తినడానికి పిలిచింది. ఆ వరస ఖాళీగానే ఉంది.

8. ఇసుకవంక మజిలీ, మూటలు కట్టే రోజు, పొద్దున

లెక్క దానంతటది తీసుకుంది. వదిన తాళం పోయింది. ఆమె చేతిపలక మీద ఆకుపచ్చ చుక్క ఆరిపోయింది. ఆమె చూసుకుంది. స్టూలు గోడ వైపు జరిపి, తన నీళ్ళ సీసా తీసుకుని, ఇంటికి మూటలు కట్టడానికి వెళ్ళిపోయింది. నా పక్కనుంచే వెళ్ళింది.  

ఆమె దగ్గర ఆగి ఉన్నవన్నీ నాకు వచ్చాయి. ఎక్కువ లేవు, వచ్చినవాటిలో హుసేనమ్మ బండి కాలు ఉంది. నియమం ఒకరికి పంపినదాన్ని ఇంకెవరూ మెర్జ్ చేయలేరు.

9. అదే రోజు, మధ్యాహ్నం దాటాక

హుసేనమ్మ వచ్చింది. మొదట నా ముందుకి రాలేదు. గోడ పక్కన జరిపి ఉన్న ఖాళీ స్టూలు దగ్గర నిలబడింది. తర్వాత వచ్చి, చూస్తావా అని అడిగింది. జోకు వేయలేదు.

తెరిచాను. కోడ్ చక్కగా ఉంది. నిన్నటి భాషిణి అయితే సరే అనేది, నవ్వుతూ ఇచ్చేది. కోడ్ పక్కన వదిన ప్రశ్నలు ఉన్నాయి. చాలావాటికి హుసేనమ్మ జవాబులు రాసింది. ఒకదానికి రాయలేదు. పక్క కాలు దిగకముందే ఈ కాలు లేస్తుంది, గట్టి నేల మీద పర్వాలేదు, ఇసుకలో అంతసేపు తక్కిన నాలుగు కాళ్ళు బరువు ఆపుతాయా అని. నాకు జవాబు తెలియదు. ఆపవచ్చు. ఆపకపోవచ్చు. ఈ ప్రశ్న నాకు తట్టేది కాదన్నది కూడా తెలుసు. దాన్ని ఇక్కడ రాయడానికి పళ్ళు బిగించాల్సి వచ్చింది.

మధ్యాహ్నానికి తక్కిన మెర్జ్‌లన్నీ అయిపోయాయి. బండిని వదిలి నడవడం మా ఊళ్ళో లేదు. ఒక కాలికి కోడ్ లేకపోతే ఆ బండి కదలదు, ఆ బండి కదలకపోతే ఊరు కదలదు. ఈ నీళ్ళ దగ్గర ఉండడానికి మా గడువు తీరింది. పడమటి ఊరు మా తర్వాత ఇక్కడ దిగాలి, వాళ్ళ దుమ్ము అప్పుడే కనిపిస్తోంది. అది వదిన పుట్టిన ఊరు. రేపు మేం కదలకపోతే వాళ్ళు ఎండలో నిలబడాలి, వాళ్ళ పెద్దలు మా పంచాయతీని నలుగురిలో అడుగుతారు.

వన్నూరప్ప వచ్చాడు. కాసేపు నా వెనక నిలబడ్డాడు. దుమ్ము చూపించాడు. హుసేనమ్మే రాసింది కదా, ఆమెకన్నా ఆమె తల్లి మీద నీకెక్కువ దిగులా అన్నాడు. నేను కదలకపోయేసరికి అసలు మాట అన్నాడు.

"ఆయమ్మ ఆపుతాందనే కదా పాపా తాళం తీస్తిమి. నువ్వూ ఆపితే ఎట్ల?"

"ఇప్పుడు నేను ఆపుతున్నాను," అన్నాను.

"సర్వేలో నీకేమి పడతాదో తెలుసునా?"

తెలుసు. ఆ మాటకి నాకు లోపల ఎక్కడో తియ్యగా అనిపించింది. ఆయన గొంతు తగ్గించి అడిగాడు. మూలబండిలో నా ముందు ఒక మనిషి గొంతు తగ్గించడం ఇదే మొదలు.

లేచి ఇంటికి వెళ్ళాను. వదిన చట్లు గోడకి కడుతోంది. ముడి మీద ముడి వేస్తోంది, ఒక్కటి వేస్తే చాలే చోట. అమ్మ గుమ్మంలోనే పట్టుకుని, మీ వదిన మనసు బాగలేదు, ఇప్పుడు గొడవ పెట్టుకోవద్దు అంది. పెట్టుకోను అన్నాను.

"మూలబండికి రా వదినా. నా పక్కన కూర్చో," అన్నాను.

"తాళం లేనిదాన్ని. కూర్చుని ఏం జేస్తా?"

"నువ్వు అడుగు. ఆపేది నేను."

చేతిలో తాడు అలాగే పట్టుకుని నావైపు చూసింది. కనుబొమ లేచింది. నేను గొంతు తగ్గించలేదు.

వచ్చింది. ఇప్పుడు నా పక్కనే ఉంది, తన స్టూలు తెచ్చుకుంది, అది ఊగుతోంది. హుసేనమ్మని కూర్చోబెట్టి ఇసుక గురించి అడుగుతోంది. హుసేనమ్మ మొహం ముడుచుకుంది. బయట సగం ఊరు మూటలు కట్టుకుని నిలబడి నన్ను తిడుతోంది. నన్నే, పేరు పెట్టి. లింగమయ్య గొంతు అందరికన్నా పైన వినిపిస్తోంది.

నియమం తీసేసే మార్పు పైన కారణం వరస నింపేశాను. నాగవేణి పేరుతో సహా. వన్నూరప్ప ముందు పెట్టాను, ఆయన ఇష్టం. అయితే ఆమె తాళం ఆమెకి తిరిగిస్తే ఇవ్వనీ, నా దగ్గరికి వచ్చిన కాళ్ళని మాత్రం తిరిగివ్వను. హుసేనమ్మ బండి ఆ ఇసుకలో ఎలా దిగుతుందో నాకు అర్థమయ్యేదాకా ఈ కోడ్ మెర్జ్ కాదు. రేపు ఊరు నడవదు.